తాయా ఎత్తే గుండు

పెర్మ్,
17 మార్చి 2009, మంగళవారం.

నా పాత మిత్రుడు, దానికంటే కాస్త కొత్త శత్రువు అయిన యెర్మొలాయ్ కుజ్‌మిచ్‌కు,

సవేలీ నికనోరొవిచ్ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ క్షేమం గురించి అడుగుదామనుకున్నాను గానీ, నువ్వు నాలుగు పేజీల నిండా ఏకబిగిన తిట్టిన తీరు చూస్తే ఊపిరితిత్తులు దివ్యంగా పనిచేస్తున్నాయని తెలిసిపోయింది. మోకాళ్ళ సంగతి రాయలేదు. నా కుడి మోకాలు వానను చెబుతుంది, ఎడమది మంచును చెబుతుంది. అందుకే రేడియో చెడిపోతే బాగుచేయించలేదు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చుగా అంటావేమో. మొన్న ఫోను చేస్తే ఏమైంది? నువ్వు అరిచావు, నేను అరిచాను, పక్కవాటాలో ఉండే ఆగ్నియా పెత్రోవ్నా గోడ మీద గరిటెతో కొట్టింది. ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డం రాలేవు. ఇన్నేళ్ళ మన పరిచయంలో నాకు దొరికిన మొదటి సుఖం ఇది.

ముందు నువ్వు రాసింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడు. శనివారం నీ బావమరిది వ్యాను వేసుకుని వస్తావు. తాయాను, దాని పెట్టే బేడాను ఎక్కించుకుని చెర్దిన్ తీసుకుపోతావు. అక్కడ బేకరీ కౌంటర్ దగ్గర పని చూసిపెట్టావు, మేడమీది గదికి సున్నం వేయించావు. ఇక్కడ ముసలి సవేలీ ఆడపిల్ల చేతికి ఇనపగుండు ఇచ్చి, వదిలేసిన మొగుడి మీదికి ఉసిగొల్పాడు. రేపు ఆ రొదియోన్ గాడు ఏదైనా చేస్తే సవేలీ తల తీసి కామా నదిలో వేస్తావు. ఇంతేనా?

తల సంగతి తర్వాత చూద్దాం. నదిలో ఇంకా మంచు గడ్డకట్టే ఉంది, వేసినా మునగదు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం తాయాకు చూపించాను. చదివి, మడిచి, కవరులో పెట్టేసింది. నాన్న వస్తే వెళ్ళిపోతాను బాబాయ్, ఆయన ఎదురుగా నిలబడితే కాదనలేను, చిన్నప్పటినుంచీ ఎప్పుడూ అనలేదు అంది. మరి ట్రామో అన్నాను. ట్రాముకేం, ఇంకెవరో నడుపుతారు అంది. అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను పోసిన టీ అలాగే చల్లారిపోయింది. నీ కూతురు టీ చల్లారబెట్టే మనిషి కాదని నీకు నేను చెప్పాలా?

యెర్మోషా, ఆ పిల్లకు ఈ ఏడాదే మొతొవిలిహా కొండ రూటు ఇచ్చారు. ఆ ఎత్తులో, ఆ మలుపులో, మంచు పట్టిన పట్టాల మీద ట్రామును కుదుపు లేకుండా దించాలంటే డిపోలో సీనియర్లే నీళ్ళు నములుతారు. ఇది మొదటిరోజు దించి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, బాబాయ్, వెనక సీట్లో ఒకాయన గుడ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు, మెలకువ కూడా రాలేదు అంది. అలాంటి దానితో నువ్వు బన్నులు అమ్మిస్తానంటున్నావు. నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఉండలేకపోవడానికి కారణం ఇదే.

ఇక మొదటినుంచీ చెబుతాను. ఓపికగా చదువు.

సెప్టెంబరులో వచ్చింది. నేను మా బిల్డింగు నేలమాళిగలో ఎప్పటిలాగే గుండ్లకు తుప్పు రుద్దుతున్నాను. ఇప్పటి కుర్రకారు వాటిని కెటిల్‌బెల్స్ అంటున్నారు. గుండ్రటి ఇనపముద్దకు పిడి తగిలిస్తే అది గిర్యానే, ఏ పేరు పెట్టినా కాలి మీద పడితే ఒకేలా నొప్పి పెడుతుంది. మెట్ల మీద ఎవరో ఆగినట్టయితే తలెత్తి చూశాను. తాయా. బయట ఎండ కాస్తుంటే మెడకు ఉన్ని స్కార్ఫు చుట్టుకుని ఉంది. జలుబా అన్నాను. కాదంది. ఆ తర్వాత నేను అడగలేదు, అది విప్పలేదు.

రొదియోన్‌ను వదిలేసి వేరే గది తీసుకుందట. వాడు మాత్రం డిపో గేటు దగ్గర, ఆఖరి స్టాపు దగ్గర కాపు కాస్తున్నాడట. బాబాయ్, నాకు కొట్టడం నేర్పు అంది. నాకు కొట్టడం రాదమ్మా, రేవులో మూటలు మోసినవాణ్ణి, నిలబడటం మాత్రం వచ్చు అన్నాను. నిలబడితే ఏమొస్తుంది అంది. పడకుండా ఉండటం వస్తుంది, ముందు అది నేర్చుకో, కొట్టడం దానంతటదే అక్కర్లేకుండా పోవచ్చు అన్నాను. ముఖం చిన్నబోయింది. వెళ్ళిపోతుందనుకున్నాను. కోటు విప్పి మేకుకు తగిలించింది.

నీకు తెలియని విద్య కాదు గనక వివరంగా రాయక్కర్లేదు, అయినా రాస్తాను, ఎందుకంటే నువ్వు నీ ఉత్తరంలో ఆడపిల్ల చేతులకు గుండ్లేమిటని రాశావు. గుండును చేత్తో ఎత్తుతామని నీకెవరు చెప్పారు? ఎత్తేది కాళ్ళు, విసిరేది తుంటి. చెయ్యి ఉత్త తాడు, వేళ్ళు కొక్కెం. మడమలు నేలకు అతుక్కోవాలి, ఊపిరి గుండుతో పాటు బయటికి రావాలి. అది పట్టుబడ్డాక, గుండును ఛాతీకి ఆనించి మోచేతిని తుంటి ఎముక మీద పెట్టుకుని నిలబడటం నేర్పాను. మన పోటీల్లో గుండు నేల తాకితే ఆట ముగిసినట్టే కదా. అలిసిపోయినా దించడానికి లేదు. మోస్తూనే సేద తీరాలి. దానికి అన్నిటికంటే కష్టం అదే అయింది. భుజాలు చెవుల దాకా లేపుకుని, ఊపిరి బిగబట్టి, దెబ్బ పడబోతున్నట్టు నిలబడేది. ఎన్నాళ్ళు అలా నిలబడితే ఆ అలవాటు వస్తుందో నువ్వే ఆలోచించుకో. దించు భుజాలు, ఇక్కడ ఎవరూ లేరు, నేనున్నాను, నాకు మోకాళ్ళు కూడా లేవు అనేవాణ్ణి. నవ్వేది. నవ్వితే భుజాలు దిగేవి.

తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో గుండును పైకెత్తి పట్టుకుని, దాని మీంచి చూపు తిప్పకుండా లేచి నిలబడటం. కిందపడ్డ మనిషికి ఇంతకంటే పనికొచ్చే చదువు లేదు. తర్వాత చెయ్యి విడిపించుకోవడం. సైన్యంలో నాకు సాంబో కుస్తీ కొంచెం నేర్పారు, గుర్తుందిగా. నేను దాని మణికట్టు పట్టుకునేవాణ్ణి. ఎంత బలవంతుడి పట్టుకైనా బొటనవేలి వైపే సందు, అటు లాగు, చేత్తో కాదు, గుండు ఊపేటప్పుడు వెనక్కి కూర్చుంటావే, అలా కూర్చో అని చెప్పేవాణ్ణి. అన్నిటికంటే ముందు చెప్పింది ఒకటుంది: పరుగెత్తే వీలుంటే పరుగెత్తు, అరవడానికి సిగ్గుపడకు. అది ముందు అరవడానికి సిగ్గుపడింది. పోనీ గుండు ఎత్తినప్పుడల్లా హుఁ అను అన్నాను. ఇప్పుడు దాని హుంకారానికి ఆగ్నియా పెత్రోవ్నా గోడ కొట్టడం మానేసి నేలను కొడుతోంది.

మా ఆవిడ ఫైనా బతికుంటే దీన్ని చూసి ఎంత మురిసిపోయేదో. నువ్వు ఫైనాను ఎరుగుదువు కదా, గుండ్లంటే దానికి ఎంత గౌరవమో! ప్రతి అక్టోబరులో క్యాబేజీ ఊరబెట్టేది. పీపా మీద మూత, మూత మీద నా పదహారు కిలోల పూదు గుండు. పోటీలు నవంబరులో. ఫైనా, అది నాకు కావాలే అంటే, నీ పోటీ ముఖ్యమా, చలికాలమంతా మన కూర ముఖ్యమా అనేది. నేను సగం జీవితం రెండు పూదుల గుండుతోనే సాధన చెయ్యడానికి కారణం వీరత్వం కాదు, తేలికైనది క్యాబేజీ మీద ఉండటం. నువ్వు నన్ను చూసి కుళ్ళుకునేవాడివి గనక ఈ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు.

పనిలోపని, ఆ పోటీ సంగతి కూడా. నేను జడ్జిగా ఉండి నీ ఆఖరి ఎత్తు లెక్కపెట్టలేదని కదా అప్పట్లో నువ్వు నాతో మాట మానేశావు. నీ మోచెయ్యి నిటారు కాలేదు, యెర్మోషా. అప్పుడూ కాలేదు, ఇప్పుడు తలుచుకున్నా కావడంలేదు. నువ్వు నా అన్న కొడుకువైనా లెక్కపెట్టేవాణ్ణి కాదు. అందుకని, తాయా గురించి నేను చెప్పేది కూడా అలాగే నమ్ము. నేను గుండ్ల విషయంలో ఎవరికీ మొహమాటపడి మార్కులు వెయ్యను.

ఇక రొదియోన్ సంగతి. నీకు ఎవరో ఉప్పూకారం కలిపి చెప్పారు. గుండుతో వాడి బుర్ర పగలగొట్టిందని రాశావు. జరిగింది ఇది. నాకు తాయా చెప్పింది తక్కువ, ఆ ట్రాములోనే కూర్చున్న ఆగ్నియా పెత్రోవ్నా చెప్పింది ఎక్కువ. రెండూ కలిపి, రెండోదాంట్లోంచి సగం తీసేసి రాస్తున్నాను.

పోయిన వారం, పట్టపగలు. ఆఖరి స్టాపు దగ్గర ట్రాము దారి మార్చే పట్టాల కీలు మంచుకు బిగిసిపోయింది. తాయా ట్రామ్ ఆపి, ఇనపకడ్డీ తీసుకుని కీలు జరపడానికి దిగింది. రొదియోన్ బడ్డీ వెనకాల నుంచి వచ్చాడు. తాగి ఉన్నాడు. పద ఇంటికి, జనం ముందు ట్రామ్ ఆటలాడింది చాలు అన్నాడట. తాయా ఏం చేసిందో తెలుసా? చేతిలో ఉన్న కడ్డీని వంగి కింద పెట్టింది. మన రేవులో మనుషులు గొడవకు ముందు చేతిలో కొక్కెం నేల మీద పెట్టేవాళ్ళే, అచ్చం అలా. తర్వాత నేను అడిగాను, ఎందుకు పెట్టావే అని. చేతిలో ఉంటే కొడతానేమోనని భయమేసింది బాబాయ్ అంది.

వాడు మణికట్టు పట్టుకున్నాడు. పాత పట్టే, దానికి బాగా తెలిసిన పట్టు. నువ్వెంత, నీ చేతులెంత, ఉడికిన మకరోనీ చేతులు అన్నాడట. పెళ్ళయిన నాటినుంచీ వాడు దాన్ని అనేమాట అదే. వదులు రొదియోన్, ప్రయాణికులు ఉన్నారు అంది. వాడు ఇంకా బిగించాడు. అప్పుడది పెద్దగా హుఁ అని వెనక్కి కూర్చుంది. అంతే. కొట్టలేదు, తొయ్యలేదు. గుండు ఊపడానికి ఎలా కూర్చుంటామో అలా, మడమల మీద బరువేసి. అంత గట్టిగా పట్టుకున్నవాడు ఏమవుతాడు? పిడి పట్టుకుని వదలనివాడు గుండుతో పాటే పోతాడు. వాడు ముందుకు తూలాడు, చెయ్యి జారింది, పట్టాల మధ్య మంచులో కూలబడ్డాడు.

లేచి మళ్ళీ వచ్చి రెండు చేతులతో ఛాతీ మీద తోశాడు. అది మోచేతులు తుంటికి ఆనించి, ఊపిరి వదిలి నిలబడింది. కదలలేదు. తోసినవాడే జారి మళ్ళీ కూర్చున్నాడు. ఇక్కడ ఆగ్నియా పెత్రోవ్నా కిటికీ తెరిచి, ఒరేయ్ తాగుబోతు సన్నాసీ, లేస్తావా పట్టాల మీంచి, డాక్టరు దగ్గర నా వంతు పోతే నువ్వు తెచ్చిస్తావా అని అరిచిందట. ట్రామంతా అందుకుంది. ఒకాయన, ఆ అమ్మాయి మీద ఇంకో చెయ్యి పడితే నేను దిగుతా అన్నాడట. ఇంకొకావిడ, మీరు దిగక్కర్లేదు, ఆమె చాలు అందట. తాయా కడ్డీ తీసుకుని కీలు జరిపి, ఎక్కి, గంట కొట్టింది. రొదియోన్ పట్టాల మీంచి పక్కకు పాకాడు. ఆ సాయంత్రమే పోలీసు దగ్గరికి వెళ్ళి కాగితం రాసిచ్చింది, ఆగ్నియా సాక్షి సంతకం పెట్టింది. వాణ్ణి పిలిచి గట్టిగా హెచ్చరించారు. మళ్ళీ రాడని నీకు నేను హామీ ఇవ్వలేను. చెర్దిన్‌కూ బస్సుంది, అలాంటివాళ్ళు అక్కడికీ రాగలరు. కానీ ఇక్కడ ట్రాము నిండా సాక్షులున్నారు, అక్కడ మేడమీది గదిలో ఎవరున్నారు?

నువ్వు నన్ను ఒక్కటి సూటిగా అడిగావు: అది నిజంగా బలపడిందా, లేక నువ్వు దాన్ని పొగడ్తలతో చెడగొడుతున్నావా అని. సరే, దానికి కూడా తెలియని సంగతి నీకు చెబుతాను. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి.

చలికాలం మొదట్లో అది పూదు గుండు సునాయాసంగా ఎత్తేది. పదహారు కిలోలు. ఒకటిన్నర పూదు పట్టుకోమంటే మాత్రం వెనక్కి తగ్గేది. దాని మీద రాసిన అంకె చూసి, బాబాయ్ నావల్ల కాదు, నా చేతుల సంగతి నాకు తెలుసు అనేది. ఆ మాట దానిది కాదు, రొదియోన్‌ది. వాడి మాటతో నేను వాదించదలచుకోలేదు. మూల సర్కస్ వాళ్ళు వదిలేసిన బోలు గుండు ఒకటుంది, అడుగున మరబిరడా, లోపల సీసపు రవ్వ పోసుకోవచ్చు. సరిగ్గా పూదు తూగేలా నింపి, ఇక దీంతో చెయ్యి, పిడి మంచిది అన్నాను. ఆ తర్వాత ఆదివారం ఆదివారం, అది రాకముందు, బిరడా తీసి ఒక గుప్పెడు రవ్వ పోస్తూ వచ్చాను.

ఇవాళ బరువుగా ఉంది బాబాయ్ అనేది అప్పుడప్పుడు. అయస్కాంత తుఫాను, అందరికీ ఒళ్ళు బరువెక్కుతుందని పేపర్లో వేశారు, ఆగ్నియాకు పొద్దున్నుంచీ తలనొప్పి అనేవాణ్ణి. మన ఊళ్ళో ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్ళెవరు? సరేనని ఎత్తేది. మొన్నటి లెక్క ప్రకారం ఆ గుండు ఒకటిన్నర పూదుకు ఒక్క గుప్పెడు తక్కువ. నీ కూతురు దాన్ని మోస్తూ, భుజాలు దించి, నాతో కబుర్లు చెబుతూ నిలబడుతోంది. తనకా సంగతి తెలియదు. తెలిస్తే భయపడుతుందని చెప్పలేదు.

కాబట్టి శనివారం రాకు, మిత్రమా. వచ్చావా, అది నీతో వచ్చేస్తుంది. నీ మీద ప్రేమకొద్దీ వచ్చేస్తుంది, అదే నా భయం. ఇంకో రెండు వారాలు ఆగు. గుండు నింపేసి, తూకం వేసి చూపించి, చూడమ్మా ఇన్నాళ్ళూ నువ్వు మోసింది ఇదీ అని నేనే చెబుతాను. అప్పుడు అది నీకు ఫోను చేసి, నాన్నా, నేను రాను అని తనే అంటుంది. ఆ ఒక్క మాట అననివ్వు దాన్ని. తర్వాత నా తల నీ ఇష్టం.

నీ ఇంటావిడకు నా నమస్కారాలు. కిందటిసారి ఆవిడ పంపిన ఎండు పుట్టగొడుగులు ఇంకా ఉన్నాయి, దాచుకుని తింటున్నాను.

నిన్ను తిట్టుకుంటూ, తలుచుకుంటూ ఉండే
సవేలీ.

తా.క. బుధవారం ఉదయం. ఈ ఉత్తరం చెర్దిన్ బస్సు డ్రైవరుకు ఇచ్చే ముందు, ఆఖరి గుప్పెడు కూడా ఇప్పుడే పోసేద్దామని నేలమాళిగలోకి దిగి బిరడా విప్పాను. రవ్వ పట్టలేదు. పొయ్యడానికి చోటు లేదు. లోపల నా సీసపు రవ్వ మీద చిన్నచిన్న ఉక్కు గోళీలు, ట్రామ్ చక్రాల బేరింగుల్లో ఉండేవి, పైదాకా నింపి ఉన్నాయి. గలగలలాడకుండా వాటి మీద డిపో చేతి తొడుగు ఒకటి ముక్కలు చేసి కుక్కి ఉంది. తూకం వేశాను. ఒకటిన్నర పూదు ఎప్పుడో దాటిపోయింది. ఎంత దాటిందో రాయను, నువ్వు ఎలాగూ లెక్కపెట్టనంటావు.

అప్పటికే తాయా డ్యూటీకి పోతూ ఇటు వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉంది. చూసింది. తెలిస్తే నువ్వు బెంగపడతావని చెప్పలేదు బాబాయ్ అంది. ఎప్పటినుంచే అన్నాను. క్రిస్మస్ ముందునుంచి, నువ్వు గుప్పెడు మరీ చిన్నది పోస్తున్నావు, శనివారాలు నావి తీసేసి, నువ్వు పోశాక మళ్ళీ నింపేదాన్ని అంది. మరి మొన్న నాన్నను కాదనలేనన్నావేం అన్నాను. కాసేపు తొడుగులు సర్దుకుంది. తర్వాత, అది కూడా కొంచెం కొంచెమే పోసుకుంటున్నాను, శనివారానికి నిండుతుంది, ఆయన్ని రానీ అంది.

కాబట్టి పైన రాసినదాంట్లో రావద్దన్నది కొట్టేసుకో. శనివారం రా. వ్యాను వద్దు, బస్సెక్కి రా. అది చెప్పేది దాని నోటితోనే విను. ఆదివారం దానికి కొండ రూటు ఉంది, ముందు సీట్లో మనిద్దరం కూర్చుందాం, ఆగ్నియా చేత బంగాళాదుంప షాంగి రొట్టెలు చేయిస్తాను. గుడ్లు కావాలంటే తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకో.